గంతలు విప్పిన గుర్రం

ముదలియార్‌పేట, పుదుచ్చేరి
12 జూన్ 2025

నాగకుమారీ,

క్షేమం అడగడం తర్వాత. ముందు నా మీద కోపం తెచ్చుకోవడానికి సిద్ధపడు. ఒక గుర్రాన్ని తెచ్చుకున్నాను.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రతిసారీ మనిద్దరిలో ఎవరో ఒకరు మధ్యలోనే పెట్టేశాం. ఉత్తరమైతే అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగక తప్పదని రూలు పెట్టింది నువ్వే. పశువుల ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం బాక్సు తింటూ నాకు తెలుగు అక్షరాలు దిద్దించిందీ నువ్వే. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా మా వాళ్ళలో ఒక్కరికీ చదవడం రాదు. కాబట్టి నేర్పిన పాపానికి అనుభవించు.

పిళ్ళైచావడి దగ్గర దెబ్బ తిన్న పశువుల్ని చేరదీసే ఆశ్రయం ఒకటుంది, నీకు తెలుసు. అక్కడ ఇది ఏడు నెలలుగా ఉంది. కిరుమాంబాక్కంలో మూతపడ్డ రైస్ మిల్లు వెనక కట్టేసి ఉండగా దొరికిందట. యజమాని చచ్చిపోయాడు, దీని పేరు ఎవరికీ తెలియదు. ఆడగుర్రం. పదిహేనేళ్ళు ఉంటాయన్నారు. దంపుడు పొన్నిబియ్యం రంగు, అందుకే పొన్ని అని పిలుస్తున్నాను. వీపు మీద మానిన పుండు. తలకు తోలుపట్టీ, కళ్ళకు రెండు పక్కలా తోలు గంతలు. ఎన్నేళ్ళుగా వేసి ఉంచారో, కింద వెంట్రుకలే లేవు. ఆశ్రయం వాళ్ళు విప్పబోతే బెదిరిందట, వదిలేశారట. నేను వదల్లేదు. మొదటి రోజే కత్తెరతో కోసి కుప్పతొట్టిలో పడేశాను. ఒక ప్రాణి లోకాన్ని సగమే చూడాలని తీర్మానించడానికి ఆ మనిషి ఎవడు?

ఊరు ఊరంతా ఇంతే. చెక్క గుర్రానికి రంగులేసి, దేవుణ్ణి ఎక్కించి, హారతిచ్చి ఊరేగిస్తారు. ఊపిరున్న గుర్రాన్ని పెళ్ళికొడుకు కిందో, బీచ్‌లో పిల్లల కిందో నిలబెట్టి, కుంటి పడ్డాక మిల్లు వెనక కట్టేసి మరిచిపోతారు. మా ఆఫీసు బిల్లుల సెక్షన్‌లో నాతో పనిచేసేవాళ్ళు, “మనుషుల సమస్యలన్నీ అయిపోయాయా మంగళం, గుర్రం మీద పడ్డావు” అని ఎగతాళి చేశారు. మనుషుల సమస్యల మీద నేను కరపత్రాలు వేస్తే చదివినవాళ్ళలా.

నాన్న కట్టెల అడితి ఖాళీగానే ఉంది కదా, అందులో ఉంచాను. మూలకు నిలబడి గోడనే చూస్తోంది. దగ్గరికి పోతే వణుకుతుంది. నువ్వు ముప్ఫై ఏళ్ళు పశువులతో ఉన్నదానివి. దీని నమ్మకం ఎట్లా సంపాదించాలో రాయి. కొట్టను, కట్టను, కళ్ళెం వేయను. వీటికి లోబడి చెప్పు.

వాదనకు సిద్ధంగా,
మంగళం

* * *

యానాం
27 జూన్ 2025

అక్కా,

కోపమేం రాలేదు. నవ్వొచ్చింది. గుర్రంతో కూడా వాదించి నెగ్గాలనుకునే మనిషివి నువ్వొక్కదానివే.

రోజూ ఒకే వేళకు అడితిలోకి వెళ్ళు. దానికి వీపు పెట్టి కూర్చో. చూడకు, పిలవకు, చెయ్యి చాపకు. ఉత్తి చేతులతో వెళ్ళు. బెల్లంముక్క పట్టుకెళ్తే అది బెల్లాన్ని నమ్ముతుంది, నిన్ను కాదు. ఒక వారం పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. అదే వస్తుంది. వచ్చినప్పుడు తిరగకు.

ముఖ్యమైనది ఇంకొకటి. నీ ఊపిరి చూసుకో. నువ్వు లోపల ఎవరినో తిట్టుకుంటూ కూర్చుంటే నీ ఊపిరి బిగుస్తుంది, అది గుర్రానికి ముందు తెలుస్తుంది, నీకు తర్వాత. నీ కోపమంతా గేటు బయట చెప్పులతో పాటు వదిలి వెళ్ళు. అది నీవల్ల అయ్యే పనేనా?

ఇక్కడ గోదారి ఎర్రబడింది. మా వెన్నెల పరీక్షలు అయిపోయాయి. బుల్లిరాజు పోయి ఈ ఆగస్టుకు తొమ్మిదేళ్ళు. అమ్మాయి వాళ్ళ నాన్న పేరు ఎత్తితే నేను ఇంకో గదిలోకి వెళ్ళిపోతున్నాను, ఏమనుకుంటుందో.

ఒక్క మాట అడుగుతాను. ఆ గుర్రానికి కుడిచెవి కొస చీలి ఉందా?

నీ
నాగకుమారి

* * *

ముదలియార్‌పేట
9 ఆగస్టు 2025

నాగకుమారీ,

చీలి ఉంది. నీకెట్లా తెలుసు?

ముందు మంచి మాట. అడితికి తెచ్చిన నలభై ఒకటో రోజున అదే నా దగ్గరికి వచ్చింది. నేను వీపు పెట్టి కూర్చుని ఉన్నాను. గడ్డి నలిగిన చప్పుడు, తర్వాత మెడ వెనక వెచ్చటి గాలి, తర్వాత నా భుజం మీద దాని గడ్డం. ఎంత బరువో తెలుసా? నేను కదల్లేదు. ఏడ్చాను కూడా, నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఇప్పుడు తాడు లేకుండా అడితి చుట్టూ నా వెంట నడుస్తుంది. నేను ఆగితే ఆగుతుంది. లాడం వేసేవాణ్ణి రప్పిస్తే, నా ముఖం చూస్తూ నాలుగు కాళ్ళూ ఇచ్చింది. ఎప్పుడూ ముఖమే చూస్తుంది. మా యూనియన్‌లో ఒక్కరు కూడా నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

ఇక రెండో మాట. పోయిన వారం నీళ్ళు పెడుతూ, “ఏమ్మా, కడుపు నిండిందా?” అన్నాను. తల కిందికీ పైకీ మూడుసార్లు ఊపింది. మనుషులు ఊపినట్టే. నవ్వుకుని, “ఇంకా కావాలా?” అన్నాను. ఊపింది. గోడ అవతల ఇడ్లీలు అమ్మే జయమ్మాళ్ చూస్తూ ఉంది. గరిటె కింద పెట్టి దగ్గరికొచ్చింది.

“ఏంది మంగళం, జోస్యం గుర్రాన్ని తెచ్చి పెట్టుకొని ఉండావు? యాడ దొరికింది ఇది? సెంగల్రాయన్‌ది గదా.”

అప్పుడు చెప్పింది. చెంగల్రాయన్ అని ఒకడు కడలూరు రోడ్డు పొడుగునా ఇల్లిల్లూ తిరిగేవాడట. వాకిట్లో గుర్రాన్ని నిలబెట్టి, ఇంట్లోవాళ్ళు అడిగింది గుర్రం చెవిలో ఊదేవాడట. కిందికి ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు. పెళ్ళవుతుందా, ఉద్యోగం వస్తుందా, జ్వరం తగ్గుతుందా. జనం బియ్యం పోసి, దణ్ణం పెట్టి అడిగేవారట. జయమ్మాళ్ కూడా అడిగిందట. ఏమడిగావంటే చెప్పదు.

ఒళ్ళు మండిపోయింది. ఆ గంతలు, ఆ వీపు పుండు, ఈ మోసం కోసమా? చచ్చినవాణ్ణి ఏం చెయ్యలేను. వాడు నాటిపోయిన నమ్మకాన్ని మాత్రం చంపగలను. దీనికి ఏదో సైగ ఉండాలి. అది కనిపెట్టి, వీధిలో అందరి ముందూ బయటపెడతాను. నీకు తెలిస్తే రాయి.

మంగళం

* * *

యానాం
24 ఆగస్టు 2025

అక్కా,

చెంగల్రాయన్ నాకు తెలుసు. నేను అక్కడ పనిచేసినప్పుడు గిట్ట పుండుకు మందు కోసం మా ఆసుపత్రికి వచ్చేవాడు. నీతో చెప్పలేదు, ఎందుకంటే వరండాలో వాడు కనబడితే వాణ్ణి నువ్వు బతకనిచ్చేదానివి కాదు.

సైగ అడిగావు. వాడే ఒకసారి చెప్పాడు. చేతి సైగ కాదు, కాలి సైగ కాదు. ఊపిరి. గుర్రం ఎదుట నిలబడి ఊపిరి మెల్లగా వదిలితే అది కిందికి ఊపుతుంది. ఊపిరి బిగపడితే అడ్డంగా ఊపుతుంది. అంతే. కొన్న రోజు నుంచీ నేర్పాడు. కొట్టలేదక్కా. ఆ పుండు జీనుది, వాడి దగ్గరికి రాకముందు పెళ్ళిళ్ళ వాళ్ళ దగ్గర పడింది.

కానీ మీటింగు పెట్టకు. ఆ పని దానికి మరపించు. అది తల ఊపినప్పుడల్లా నువ్వు తిరిగి నడిచి వెళ్ళిపో. ఫలితం లేని పనిని ఏ జంతువైనా మానేస్తుంది. ఆరు నెలల్లో అది ఉత్త గుర్రమవుతుంది. ఉత్త గుర్రంగా ఉండటమే దానికి మంచిది.

ఇంకో సంగతి ఉంది. ఉత్తరంలో రాయలేను.

నాగకుమారి

* * *

ముదలియార్‌పేట
22 సెప్టెంబర్ 2025

నాగకుమారీ,

రాయలేని సంగతులు నాకు చెప్పకు. రాయగలిగితే రాయి, లేకపోతే ఉందని కూడా అనకు.

మీటింగు పెట్టాను. ఏడో తేదీ, ఆదివారం సాయంత్రం, రేషన్ షాపు ముందు. మైకు, నాలుగు కుర్చీలు, పొన్ని. తాడు లేకుండా నా వెంట వీధి పొడుగునా నడిచొచ్చింది. ఆటోలకు బెదరలేదు, కుక్కలకు బెదరలేదు. మూడు నెలల కిందట గోడ చూస్తూ వణికిన ప్రాణి. నాకు గర్వంగా ఉండింది, దాచను.

మొదట అంతా బాగానే నడిచింది. ఇది ముదలియార్‌పేటా అని అడిగాను, ఊపిరి వదిలాను, అవునంది. రెండూ రెండూ అయిదా అన్నాను, బిగపట్టాను, కాదంది. మన వీధి మురుగుకాలువ ఈ జన్మలో బాగుపడుతుందా అన్నాను. అడ్డంగా ఎంత గట్టిగా ఊపిందంటే జనం విరగబడి నవ్వారు. అప్పుడు గుట్టు విప్పి చెప్పాను. ఊపిరి ఇదిగో ఇట్లా, ఇట్లా. ఇన్నేళ్ళు మిమ్మల్ని మోసం చేసింది ఇంతే. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలో కళైసెల్వి ముందుకొచ్చింది. వెనక వీధి అమ్మాయి, టైలరింగ్ చేస్తుంది. భర్త కుమరేశన్ కాలేయం చెడి పెద్దాసుపత్రిలో పడి ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నది, తలాడించింది కూడా. విని, పొన్ని ఎదుట నిలబడి, చాలా మెల్లగా అడిగింది. “మా ఆయన ఇంటికొస్తాడా?”

నేను పదడుగుల దూరంలో, మైకు పట్టుకుని, వేరేవైపు తిరిగి ఉన్నాను. నా ఊపిరితో దానికి పనే లేదు. పొన్ని కళైసెల్వి ముఖం వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది. ఒకసారి ఆగి, మళ్ళీ ఊపింది.

నాలుగో రోజు కుమరేశన్ పోయాడు.

వాడు నెల రోజులుగా చావుకు దగ్గరగానే ఉన్నాడు, డాక్టర్లు ముందే చెప్పారు. ఈగ వాలి ఉంటుంది, తల విదిల్చి ఉంటుంది. అదే మాట ఇంటింటికీ తిరిగి చెప్పాను. వినేవాడు లేడు. “ఊపిరీ గీపిరీ నువ్వు చెప్పావు సరే, ఆరోజు నువ్వు ఊపిరి పట్టలేదు గదా, మేం చూసినాం” అంటున్నారు. నేను గుట్టు విప్పి చూపించబట్టే, ఇప్పుడు గుట్టు లేదని నమ్ముతున్నారు. నా నోటితో నేనే సాక్ష్యం చెప్పినట్టయింది.

గేటు దగ్గర నిమ్మకాయలు, పసుపు నీళ్ళు, వేపకొమ్మలు. కొందరు దణ్ణం పెడతారు. కొందరు అడితి వైపు రాకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. నిన్న ఎవరో గోడ మీంచి రాయి వేశారు, పొన్నికి తగల్లేదు.

అంతకన్నా పెద్దది వేరే ఉంది. మా వార్డులో ఫ్లెక్సులన్నిటి మీదా ఉండే ముఖం ఒకటుంది, ఎళిలరసన్. ఆరు బండ్లతో వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, చెప్పులు గేటు బయట విడిచాడు. వాళ్ళమ్మకు గుండెలో వాల్వు చెడింది, ఆపరేషన్ అంటున్నారట. “ఆయుధ పూజ నాడు వస్తానక్కా. అమ్మ సంగతి గుర్రం చెప్పాల” అన్నాడు. కాదని చెప్తే ఏం చేస్తావని నవ్వుతూ అడిగాను. వాడు నవ్వలేదు. అడితంతా ఒకసారి చూశాడు. గడ్డిమోపుల్ని, పాత కట్టెల్ని, తాటాకు కప్పుని. “కుమరేశన్‌ని ఇది సంపేసింది గదా” అన్నాడు, వాతావరణం గురించి మాట్లాడినట్టు.

పోలీసులకు ఫిర్యాదిచ్చాను. గుర్రం మీదనా, మనిషి మీదనా అని అడిగారు.

మంగళం

* * *

యానాం
26 సెప్టెంబర్ 2025

అక్కా,

ఈగ కాదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది ఆ గంతలు దేనికో. పొన్ని చెంగల్రాయన్‌ని తప్ప ఇంకెవరినీ చూడకూడదని వేశాడు. నువ్వు అవి కోసేశావు. తర్వాత మూడు నెలలు మనుషుల ముఖం నమ్మడం నేర్పావు, అదీ నా సలహాతోనే. ఇప్పుడది ఎవరు ఎదుట నిలబడితే వాళ్ళ ఊపిరి చదువుతుంది. భర్త బతుకుతాడా అని అడిగే ఆడది ఊపిరి బిగపట్టక ఏం చేస్తుంది? భయపడేవాళ్ళందరికీ అది కాదనే చెప్తుంది.

పొన్నిని వెంటనే ఆశ్రయానికి పంపేసెయ్. అది కాకపోతే ఆ రోజు గేటు తియ్యకు. ఏమైనా సరే, అవును అని మాత్రం చెప్పించకు. కాదు కంటే అది చెడ్డది. ఎందుకని అడగకు.

నాగకుమారి

* * *

ముదలియార్‌పేట
3 అక్టోబర్ 2025

నాగకుమారీ,

కారణం లేని సలహాను నేను ఏనాడూ పాటించలేదు. నా నౌకరీ అంతా అదే పోరాటం. ఎందుకని అడగకు అంటే, అడగను. పాటించను కూడా.

ఆశ్రయం బండి ఇరవై తొమ్మిదిన వచ్చింది. వీధి మొదట్లోనే బండ్లు అడ్డం పెట్టి వెనక్కి తిప్పేశారు. ఆయుధ పూజ రోజు పొద్దున పదింటికి ఎళిలరసన్ వచ్చాడు. వెనక రెండు వందల మంది ఉంటారు. గుమ్మడికాయలూ దండలూ తెచ్చారు, పొన్ని మెడలో వేయబోతే నేను అడ్డం పడ్డాను. వాడు ఎదుట నిలబడితే పొన్ని ఏం చెప్తుందో నీ ఉత్తరం చదివాక నాకు తెలుసు. వాడి కంఠంలో నరాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఊపిరి అప్పటికే బిగపట్టి ఉన్నాడు.

పక్కనే వచ్చి నిలబడ్డాను. పొన్ని భుజం మీద చెయ్యి వేశాను. దానికి ఇద్దరం కనబడుతున్నాం. ఒకడు భయంతో రాయిలా ఉన్నాడు. రెండోదాన్ని నేను, లోపల గింజుకుంటూ, పైకి ఊపిరి వదులుతూ. నాలుగు నెలల్లో నేను సంపాదించిందేమిటో ఆ క్షణంలో తేలాలి. వాడు అడిగాడు. “మా అమ్మ పిళైచ్చుకుంటుందా?” బతికి బయటపడుతుందా అని.

పొన్ని వాడి వైపు చూసింది. చెవి మాత్రం నా వైపు తిప్పింది. తర్వాత కన్ను. నేను ఊపిరి మెల్లగా వదిలాను. వదులుతూనే ఉన్నాను, లోపల ఏమీ మిగలనంతదాకా.

కిందికీ పైకీ ఊపింది.

ఎళిలరసన్ మోకాళ్ళ మీద పడి దాని గిట్టలు పట్టుకుని ఏడ్చాడు. జనం ఈలలు వేశారు. నేను పొన్ని మెడ కావలించుకున్నాను, అందరూ భక్తి అనుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా నేను తిట్టిన పని నేనే చేశాను, చెంగల్రాయన్ కంటే బాగా చేశాను. చెయ్యకపోతే ఆ గడ్డికి నిప్పు పడేది. ఒక ప్రాణిని కాపాడటానికి ఒక అబద్ధం. ఇందులో తప్పేముందో నువ్వు వాదించు, నేను వింటాను.

ఇప్పుడు మా వీధి మొదట్లో పొన్ని ఫ్లెక్సు. వాడూ, అదీ పక్కపక్కన. తెలియని నంబర్ల నుంచి జనం ఫోన్లు, ఫోన్ ఆపేశాను.

వాళ్ళమ్మ ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిందట. ఆపరేషన్ ఈ నెల పదహారున పెట్టారట, ఇక అక్కరలేదంటున్నాడట వాడు. దాని గురించి తర్వాత రాస్తాను.

మంగళం

* * *

యానాం
7 అక్టోబర్ 2025

అక్కా,

ఫోన్ పదకొండుసార్లు చేశాను. పలికి ఉంటే చెప్పగలిగేదాన్నో లేదో.

ఎందుకని అడగకు అన్నాను కదా. ఇదీ కారణం.

తొమ్మిదేళ్ళ కిందట జూలైలో బుల్లిరాజుకు ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, పశువులదైనా. నాకు తెలియదా? తెలుసు. తెలిసే భయపడ్డాను. ఆ వారం చెంగల్రాయన్ గుర్రంతో వచ్చాడు. ఆ గుట్టు వాడు అంతకు రెండేళ్ళ ముందే నాకు చెప్పాడు. అది ఊపిరేనని, వాడి ఊపిరేనని తెలిసి కూడా వరండాలో నిలబడి అడిగాను, మా ఆయనకు ఏం కాదు కదా అని. వాడు నా ముఖం చూశాడు. నేనంటే వాడికి గౌరవం, గిట్టకు మందు వేసిన చేతులని. నన్ను ఏడిపించడం ఇష్టం లేక ఊపిరి వదిలాడు. గుర్రం అవునని ఊపింది. నా గుండె తేలికపడింది. ఆ తేలికలో పదకొండు రోజులు గడిపేశాను. పన్నెండో రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు నాడి చూసి, ఇన్ని రోజులు ఏం చేశారమ్మా అన్నాడు.

నీకేం చెప్పానో గుర్తుందా? ఆసుపత్రివాళ్ళు సకాలంలో చూడలేదని చెప్పాను. నువ్వు మండిపడి కరపత్రం వేశావు, ఆ డాక్టరు పేరు పెట్టి. వీధి వీధినా పంచావు. ఆయన్ని వేరే ఊరు పంపేశారు. నేను నోరు మెదపలేదు. నిజం చెప్తే నువ్వు నన్ను చూసే చూపు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మూఢులంటే నీకు జాలి లేదక్కా. ఆ చూపు పడలేకే తొమ్మిదేళ్ళు అబద్ధమాడాను. నువ్వు ఇంకొంచెం మెత్తని మనిషివై ఉంటే మొదటి ఉత్తరంలోనే చెప్పేదాన్ని.

పదహారుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ ముసలమ్మను వెనక్కి పంపించు.

నాగకుమారి

* * *

ముదలియార్‌పేట
16 అక్టోబర్ 2025

నాగకుమారీ,

నీ ఉత్తరం పదో తేదీన అందింది. రెండుసార్లు చదివాను. నీ మీద కోపం రాలేదు. కోపం రాకపోవడం నాకు అలవాటు లేని పని, అందుకే రెండోసారి చదవాల్సి వచ్చింది. ఆ డాక్టరుకు ఉత్తరం రాశాను, ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుని. కరపత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు అచ్చు వేయిస్తాను. నీ పేరు రాదు. నీకు చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టడం నా నోటి తప్పు.

పదకొండు పొద్దున పొన్నిని తీసుకుని ఎళిలరసన్ ఇంటికి నడిచాను. తాడు లేదు. వాళ్ళమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నేరేడుపండు రంగు. వాడితో చెప్పాను, అది చెప్పింది గుర్రం కాదు, నేను. గుర్రాన్ని నువ్వు తగలబెడతావని భయపడి నేను చెప్పించాను. మీ అమ్మను ఇవాళే తీసుకెళ్ళు.

“నీ నోటిని నేను నమ్మనక్కా. నీ నోరు అందరికీ ఎరికే. గుర్రం చెప్పనీ,” అన్నాడు.

ముసలమ్మ అప్పుడు మాట్లాడింది. ఒక్కో మాటకూ ఆగుతూ. “గుర్రం ఏం జెప్తే ఏం నాయనా, నాకు ఊపిరి ఆడల్యా.” వారం నుంచీ ఆమె అదే మాట చెప్తోందట. వాడు వినలేదు. గుర్రం అవునంది కదా.

పొన్ని ఆమె ఎదుట నిలబడింది. ఆ ఊపిరిని చదవడం దానివల్ల కాలేదు. సగంలో తెగే ఊపిరి, మళ్ళీ ఎగదీసే ఊపిరి. తల కిందికి వంచింది, పక్కకు తిప్పింది, మధ్యలో ఆపింది. చర్మం మీద వణుకు పాకింది. జూన్‌లో గోడ చూస్తూ వణికిన వణుకు అదే. నేను దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను. అది చూపు నా మీదికి మార్చుకుంది. కాదని చెప్తే దాని గతి ఏమిటో నాకు తెలుసు. ఊపిరి బిగపట్టడానికి ఈసారి నేను నటించాల్సిన అవసరం లేకపోయింది.

అడ్డంగా ఊపింది.

వాడు తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు. తలుపు వేసి నా దగ్గరికొచ్చాడు.

“అమ్మ తిరిగొస్తే గుర్రం అబద్ధం చెప్పినట్టు. రాకపోతే గుర్రం సంపినట్టు. ఏదైనా సరే, అది యాడికీ పోకూడదు.”

ఆమెను అదే రోజు చేర్చుకున్నారు. ముందు అనుకున్న పదహారే ఖాయం చేశారు. ఇవాళ పదహారు. తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారని జయమ్మాళ్ చెప్పింది. బతుకుతుందని డాక్టర్లు అన్నారట, ఆలస్యం కాలేదన్నారట. పోలీసులకు మళ్ళీ చెప్పాను, రాసుకున్నారు. ఆశ్రయం వాళ్ళు బండి ఇక పంపలేమన్నారు.

అడితి గేటు అవతల నాలుగు బండ్లున్నాయి. ఎనిమిది మంది, ఎళిలరసన్ మనుషులు. వాళ్ళకు ఆసుపత్రి నుంచి ఫోన్ రావాలి. అందాకా ఉండబట్టలేక పొన్నిని అడుగుతున్నారు. కమ్మీల మీద చేతులు పెట్టుకుని, పావుగంటకోసారి, “అమ్మకెట్ల ఉండాది?” అని. వాళ్ళ ముఖాలు దానికి కనపడకుండా నేను మధ్యలో కూర్చున్నాను. దానికి ఇప్పుడు కనబడేది నేనొక్కదాన్నే. అది తల అడ్డంగా ఊపితే వాళ్ళు ఫోన్ కోసం ఆగరు. వాళ్ళ దగ్గర పెట్రోలు సీసాలున్నాయి, వాసన ఇక్కడిదాకా వస్తోంది.

కాబట్టి నేను భయపడకూడదు. భయపడకుండా ఉండటం నాకు రాదని ఇవాళే తెలిసింది. ఇన్నాళ్ళూ కోపంగా ఉండటమే భయపడకపోవడం అనుకున్నాను. ఒక్క దారి దొరికింది. నీకు రాస్తూ ఉంటే నా ఊపిరి సమంగా ఆడుతోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, నీకు తెలిసినవి కూడా.

వాళ్ళు మళ్ళీ అడిగారు. పొన్ని చెవులు నా వైపు తిప్పింది. ఇవాళ మబ్బుగా ఉంది నాగకుమారీ. గడ్డి కొత్తది, మొన్ననే దింపించాను. వెన్నెలకు ఏం చదవాలని ఉందో నువ్వు ఎప్పుడూ రాయలేదు. గేటు దగ్గర ఫోన్ మోగుతోంది. పొన్ని నా ముఖమే చూస్తోంది. నేను రాస్తున్నాను.